పైడమ్మ వీధికి పునరుజ్జీవం

అమలాపురంలో కొబ్బరితాళ్ల వీధికి పునరుజ్జీవం కలిగించాలని పట్టణ సుందరీకరణ సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. ఆ వీధి అప్పటికి బతికే ఉందన్న అభ్యంతరం ఎవరూ లేవదీయలేదు.

వీధి స్వభావం చెక్కుచెదరకూడదన్నది మొదటి షరతు. ఆ స్వభావమేమిటో కనిపెట్టడానికి హైదరాబాదు నుంచి సలహాదారు హేమంత్ గారు విచ్చేశారు. ఆయన పరిశోధన పైడమ్మ బడ్డీ దగ్గర మొదలై అక్కడే ముగిసింది. కొబ్బరి డొక్కల నిప్పుల మీద ఆమె కాల్చిన దిబ్బరొట్టెను చెరుకు పానకంలో ముంచుకు తిని, ఈ వీధి విశిష్టత ఇదేనని ప్రకటించారు.

ఆ పొగడ్త వినగానే పైడమ్మకు భయం పట్టుకుంది. బడ్డీ తీసేస్తారని అప్పటికే వీధంతా అనుకుంటున్నారు. మొగుడు పోయినప్పటి నుంచీ ఆ పొయ్యే ఆమెకు ఆధారం. సాయంత్రం సభలో "వద్దండీ" అని గట్టిగా చెప్పేద్దామనుకుంది. కానీ సభకు వచ్చిన పెద్దలంతా ముందుగా ఆమె రొట్టె తిన్నారు. మన చేతి తిండి తిన్నవాళ్లకు ఎదురు చెప్పడం కోనసీమలో పుట్టినవాళ్లకు చేతనవుతుందా?

"పైడమ్మ గారూ! మీ రొట్టె మన వారసత్వ సంపద. దాన్ని కాపాడుకోవాలంటే ముందు మీ బడ్డీ తీసెయ్యాలి. మీకేమన్నా అభ్యంతరమా అండీ?" అన్నారు సంఘాధ్యక్షులు సుబ్రహ్మణ్యేశ్వరరావు గారు.

"ఇంతమంది పెద్దలు వచ్చేరు, కాదంటే ఏం బాగుంటుందండీ? ఇంకో ముక్క వెయ్యమంటారా?" అంది పైడమ్మ.

"ఆయ్, వెయ్యండి."

తీర్మానం ఆమోదం పొందింది. కొలతలు తీయడానికి వచ్చినవారికి టేపు రెండో కొస పైడమ్మే పట్టుకుంది. ఎండన పడి వచ్చారని మజ్జిగ కూడా ఇచ్చింది.

ఏడాది తిరక్కుండా బడ్డీ ఉన్నచోట 'దిబ్బరొట్టె స్మారక కేంద్రం' వెలిసింది. నిప్పుల బదులు ఎర్ర బల్బులు పెట్టారు. పొగకు రంగులు పాడవుతాయని పొయ్యి నిషేధించి, పొగవాసన కోసం యంత్రం తెప్పించారు. గోడ మీద నిలువెత్తు పైడమ్మ నవ్వుతూ రొట్టె తిప్పుతోంది. రొట్టె మాత్రం అక్కడ దొరకదు.

అసలు పైడమ్మకు బైపాసు అవతల చోటిచ్చారు. అక్కడ మనుషులు లేరుగాని గాలీ వెలుతురూ పుష్కలం. కొనే దిక్కులేక ఆమె రోజూ సాయంత్రం గంపలో రొట్టెలు పెట్టుకుని పాత చోటికే వచ్చి, తన బొమ్మ ముందు నిలబడుతోంది. వచ్చినవాళ్లు పొగవాసన పీల్చి ఆహా అనుకుంటుంటే, చల్లారిపోతున్న రొట్టెలు చూసి ఆమెకు ఏడుపొస్తోంది.

మొన్న ఆదివారం ఒక కుటుంబం వచ్చింది. మనలాగే వారసత్వమంటే ప్రాణం పెట్టేవాళ్లు. ఫోను పైకెత్తి, "కొంచెం పక్కకి జరుగుతారా అమ్మా? పైడమ్మ గారు కనబడట్లేదు," అన్నారు.

"అయ్యో, చూసుకోలేదండీ," అంటూ ఆమె గంప ఎత్తుకుని పక్కకు జరిగింది.

ఫొటో చక్కగా వచ్చింది. మీరూ లైక్ కొట్టే ఉంటారు.