వాగులో మందు, సంచిలో చేప

వాగులో ఎండ్రిన్ పురుగుమందు పోసే వాళ్లకు సన్మానం చెయ్యాలంటాను నేను. శాలువా కప్పి, భద్రాచలం సెంటర్లో దండలు వేసి మరీ! మీరు నవ్వినా సరే, కోప్పడినా సరే, నా మాట వెనక్కి తీసుకోను.

ఆలోచించండి. ఇదివరకు ఈ అడవిలో చేప పట్టడం ఎంత వెనకబడిన వ్యవహారం! వాగవతలి కోయగుంపులో, అదే గూడెంలో, దూలయ్య అనే పెద్దాయన ఉన్నాడు. వెదురు చీల్చి, చేపలు పట్టే మావు బుట్ట అల్లి, వాగుకు అడ్డంగా రాళ్లు పేర్చి, ఆ సందులో దాన్ని పెట్టి చేప ఎప్పుడు దూరుతుందా అని కాచుకునేవాడు. పైగా చేపలు గుడ్లు పెట్టే వానల్లో ఆ మావును ఎత్తి చూరుకు కట్టేసేవాడు. ఇదేం ఆచారమయ్యా అంటే, "తల్లి చేపను పడితే వచ్చే ఏడు ఏం తింటం సారూ?" అనేవాడు. వచ్చే ఏడాది సంగతి ఇతనికెందుకు చెప్పండి? అందుకు ఢిల్లీలో పెద్ద పెద్ద ఆఫీసులు లేవూ?

ఇప్పుడు చూడండి అభివృద్ధి. కౌలుకు పత్తి వేసిన ఆసాములు చేలో కొట్టగా మిగిలిన మందును తెచ్చి మడుగులో వంచుతారు. బీడీ కాల్చి పారేసేలోగా చేపలన్నీ వెల్లకిలా తేలతాయి. పెద్దవి, చిన్నవి, నిన్న పుట్టినవి, అన్నీ! ఇంతటి సమానత్వం మన రాజ్యాంగమైనా తేగలిగిందా? కప్పలూ పీతలూ బోనస్. కొంగలు కూడా రావడం మానేశాయి. తినడానికేమీ లేనిచోట వాటికి మాత్రం ఏం పని?

డబ్బా మీద పుర్రె బొమ్మ ఉందని కొందరు పిరికివాళ్లు భయపెడతారు. ఆ బొమ్మ పురుగుల కోసమండీ. చదువుకున్నవాళ్లం, మనకా మాత్రం తెలీదా?

పోయిన ఆదివారం నేనూ సంచి పట్టుకుని వెళ్లాను. ఎండ మండిపోతోంది. తేలిన చేపలు నింపుకుని, దూలయ్య ఇంటి అరుగు మీద కూలబడి, మందు గొప్పతనం వాళ్లకూ చెప్పి, మంచినీళ్లు అడిగాను. అతని భార్య జంపక్క చెంబుతో తెచ్చి నా ముందు పెట్టింది. వాగు ఇసకలో తవ్విన చెలమ నీళ్లు. గుంపంతా తాగేది అవే.

చెంబు ఎత్తబోతుంటే ఆమె అంది:

"జర ఆగు సారూ. రోజూ అయితే వాగుల చేపపిల్లలు తిరుగుతున్నయా లేదా చూసి, గప్పుడు చెలమల నీళ్లు ముంచుకుంటం. ఇయ్యాల చూద్దామంటె ఒక్క పిల్ల గూడ బతికి లేదు. తాగొచ్చో లేదో ఎట్ల తెలుస్తది? ముంచుకొచ్చి గట్లనే పెట్టుకున్నం. నువ్వు చదువుకున్నోనివి, మందు మంచిదే అంటున్నవ్ గద. ముందు నువ్వు తాగు. నీకేం కాకపోతే పిల్లకు పోస్త."

గుమ్మంలో ఆమె కోడలు ఆదెమ్మ చంటిదాన్ని ఎత్తుకుని నిలబడి ఉంది. పిల్ల పెదాలు ఎండిపోయాయి. చెంబు వంక చేతులు చాస్తోంది.

నేనూ చెంబులోకి చూశాను. నీళ్లు తేటగానే ఉన్నాయి. వాసనా లేదు. ఆ మందు ఎంత మంచిదో ఇంతసేపూ మీకు చెప్పినవాణ్ణి నేనే. అయినా చెంబును మెల్లగా అవతలికి జరిపి, "నాకు దాహం లేదు జంపక్కా" అన్నాను.

చూశారా ఎండ్రిన్ మహిమ! గుక్కెడైనా తాగకుండానే నా దాహం తీరిపోయింది. పిల్ల మాత్రం నేను వాగు దాటేదాకా నీళ్ల కోసం ఏడుస్తూనే ఉంది.