డ్రైవింగ్ మాస్టారి ఇంజిన్

ఆ రోజు పొద్దున్నే కాఫీ తాగేసి, వచ్చే వారం లైసెన్సు పరీక్షకు వెళ్లే శిష్యుల చేత సందు మలుపులో రివర్స్ గేరు సాధన చేయించాలని డ్రైవింగ్ మాస్టారు అనుకున్నారు. కాఫీ అయిపోయింది గానీ ఒళ్లు మండుతూనే ఉంది. ముందురోజు పరీక్ష మైదానంలో ఇన్‌స్పెక్టరు నలుగురి ముందూ అన్న మాట ఇంకా చెవుల్లో గింగురుమంటోంది.

"ఇది కారా మాస్టారూ, దోమల మందు కొట్టే బండా? ఆ పొగలో నాకు స్టీరింగూ కనపళ్లేదు, దాన్ని పట్టుకున్న మనిషీ కనపళ్లేదు. ఎవర్ని పాస్ చెయ్యమంటారు?"

"ఎంత మాటన్నాడు!" మాస్టారు కప్పు టక్కున బల్ల మీద పెట్టారు. "వాళ్లావిడకి డ్రైవింగ్ వచ్చింది ఈ బండి మీద కాదూ!"

"ఆవిడ నేర్చుకున్నప్పుడు పొగ లేదుగా," అంది భార్య. స్కూలు ఆఫీసు నడిపేది ఆవిడే. కొత్తవాళ్లను చేర్చుకోవడం, మాస్టారు తిట్టి పంపినవాళ్లను బుజ్జగించి మళ్లీ రప్పించడం ఆవిడ పని. "ఇంజిన్ అరిగిపోయిందండీ. పెట్రోలు కన్నా ఆయిలే ఎక్కువ తాగుతోంది. దాన్ని తీసి పారేసి వేరేది పెట్టించండి."

"పారేస్తావా? క్లచ్ తొక్కమంటే బ్రేకు, బ్రేకు తొక్కమంటే యాక్సిలరేటరు తొక్కేవాళ్లని ఇన్నేళ్లు భరించిందే! మనిషై ఉంటే ఈపాటికి శాలువా కప్పేవాళ్లు. విప్పించి, అరిగిన సిలిండర్లు తొలిచి బోరు చేయించి, పిస్టన్లూ రింగులూ మార్పిస్తే మళ్లీ పడుచు గుర్రంలా పరిగెడుతుంది."

"చచ్చిన గుర్రానికి లాడాలు కొట్టించినట్టుంటుంది."

మాటకు మాట పెరిగింది. చివరికి ఆవిడ కప్పులు తీసుకుని వంటింట్లోకి వెళుతూ "మీ ఇష్టం" అంది. మాస్టారు చెప్పులు వేసుకుంటూ "చూద్దాంలే" అన్నారు.

ఈ రెండు మాటలే కొంప ముంచాయి. "మీ ఇష్టం" అంటే ఒప్పుకున్నట్టేనని ఆయన అనుకున్నారు. "చూద్దాంలే" అంటే మెత్తబడ్డట్టేనని ఆవిడ అనుకుంది.

ఆవిడ ఆ మధ్యాహ్నమే తమ్ముడి ఇంటికి వెళ్లింది. ఊళ్లో ఏ వస్తువు ఎక్కడ చవగ్గా దొరుకుతుందో తనకు తప్ప ఎవరికీ తెలియదని అతని నమ్మకం. ఆవిడ అటు వెళ్లగానే మాస్టారు మెకానిక్ మేస్త్రిని పిలిపించారు. మేస్త్రి గొలుసు కప్పీతో ఇంజిన్‌ను పైకి లాగి, చిన్న లారీలో వేసుకుని, బోరు చేయించడానికి లేత్ షాపుకు తీసుకెళ్లాడు. మాస్టారు బానెట్ మూసి, చేతులు దులుపుకున్నారు. ఇంజిన్ తళతళలాడుతూ తిరిగొచ్చాకే భార్యకు చెప్పి, ఆవిడ నోరు మూయించాలని ఆయన పథకం.

సాయంత్రం ఆవిడ తమ్ముణ్ణి వెంటబెట్టుకుని వచ్చింది. మాస్టారు మేడ మీద పాఠం చెబుతున్నారు. తమ్ముడు ఇంజిన్ మోడల్ చూద్దామని బానెట్ ఎత్తి, అలాగే నిలబడిపోయాడు.

"అక్కా, ఇంజిన్ లేదు!"

"లేకపోవడమేమిట్రా? సరిగ్గా చూడు."

"సరిగ్గా చూడ్డానికి అదేమన్నా సూదా? కింద నేల కనిపిస్తోంది. ఎవడో ఎత్తుకుపోయాడు!"

ఆవిడకు దొంగ మీద కన్నా దొంగ తెలివి మీద ఎక్కువ కోపం వచ్చింది. "బ్యాటరీ కొత్తది, టైర్లు కొత్తవి. అవన్నీ వదిలేసి ఆ తుక్కు మోసుకెళ్లాడా? దొంగతనానికైనా బుద్ధుండక్కర్లేదూ!" అని మండిపడి, తర్వాత గొంతు తగ్గించింది. "మీ బావకి చెప్పకు. తెలిస్తే అన్నం మానేస్తారు. ఎలాగూ మార్చడానికి ఒప్పుకున్నారు కాబట్టి వేరేది తెచ్చి పెట్టించెయ్. ఆ తర్వాత నేను చెప్పుకుంటాను."

ఆనాటి నుంచి ఆ ఇంట్లో బానెట్‌కు ఇద్దరు కాపలాదార్లు తయారయ్యారు.

"అక్కడేం చేస్తున్నారండీ?"

"దుమ్ము తుడుస్తున్నాను. నువ్వేం చేస్తున్నావ్?"

"మీరు దుమ్ము తుడుస్తున్నారేమో చూద్దామని వచ్చాను."

"లోపల తుడవక్కర్లేదు."

"లోపల ఎందుకు తుడుస్తారు? అసలు తెరవనే వద్దు!"

భార్య తనకే సాయం చేస్తున్నట్టుందని మాస్టారు మురిసిపోయారు. పరీక్ష దాకా ఆ పొగ బండి బయటికి తియ్యనని ఆయన అంటే, గండం గడిచిందని ఆవిడ అనుకుంది. ఇక శిష్యులకు బండి లేదు కాబట్టి మేడ మీద కుర్చీలు వరసగా వేసి, తలా ఒక స్టీలు కంచం ఇచ్చి, అదే స్టీరింగ్ అనుకోమన్నారు. రెండుసార్లు పరీక్ష తప్పిన పళ్ల డాక్టరమ్మ రెండో రోజుకే కంచం ఒళ్లో పడేసింది.

"ఇదేం అన్యాయమండీ! నేనిలాగే ఉత్త గాలిలో పన్ను పీకి పంపిస్తే మీరు ఊరుకుంటారా?"

"ముందు ఎడమ అద్దం చూసుకోండమ్మా," అన్నారు మాస్టారు కఠినంగా. "కంచం అడ్డదిడ్డంగా తిప్పేవాళ్లు బండి తిన్నగా తిప్పుతారా?"

పరీక్ష ముందురోజు మేస్త్రి, మాస్టారు కలిసి లేత్ షాపుకు వెళ్లారు. షాపుకు తాళం వేసి ఉంది. పక్క కొట్టాయన్ని అడిగితే, "పొద్దున్నే ఎవరికో ఇంజిన్ ఎక్కించి పంపించి, పెళ్లికని ఊరెళ్లాడు. సాయంత్రానికొస్తాడు" అన్నాడు. తలుపు సందులోంచి చూస్తే లోపల ఒక్క ఇంజిన్ కూడా లేదు.

"నా ఇంజిన్ అమ్ముకుని పెళ్లి భోజనానికి పోతాడా!" మాస్టారు రోడ్డు మీదే కేకలు పెట్టారు. "అరిగిందని ఇంట్లోవాళ్లు పారేస్తానంటారు, పొగొస్తోందని ఇన్‌స్పెక్టరు వెక్కిరిస్తాడు, బాగైందో లేదో వీడు అమ్ముకుంటాడు! దాని బతుక్కి మర్యాద లేదా మేస్త్రీ?"

మేస్త్రి ఫోను చెవి దగ్గర పెట్టుకుని నిలబడ్డాడు. లేత్ షాపు యజమాని ఎత్తడం లేదు. పొద్దు వాలేదాకా ఎదురుచూసి, షాపాయన్ని పట్టి తీసుకొచ్చే పని మేస్త్రికి అప్పగించి, భార్య ముందు తప్పు ఒప్పుకోవడానికి మాస్టారు కాళ్లీడ్చుకుంటూ ఇంటికి వచ్చారు.

వాకిట్లో కారు స్టార్టయి ఉంది. ఇంజిన్ లేని కారు. పొగ లేదు, దగ్గు లేదు, తేనెటీగల్లా సన్నటి రొద. మాస్టారు గోడ పట్టుకున్నారు.

"ఎలా ఉందండీ కొత్త ఇంజిన్?" అంది డ్రైవరు సీట్లోంచి భార్య. పక్కనే బావమరిది పళ్లికిలించాడు.

"కొత్త ఇంజినా? ఎవర్నడిగి పెట్టించావ్?"

"మీరే చూద్దాంలే అన్నారుగా!"

"చూద్దాంలే అంటే వద్దని! నువ్వే మీ ఇష్టం అన్నావ్, నేను బోరుకి పంపించాను!"

"మీ ఇష్టం అంటే సరేననా? పెళ్లయి ఇన్నేళ్లయినా ఆ మాటకి అర్థం తెలీదా మీకు? దొంగలెత్తుకుపోయారని నేను ఇన్నాళ్లూ కుమిలిపోయాను!"

"దాచిపెట్టింది నువ్వు!"

"దాచిపెట్టింది మీరు!"

మాస్టారు ఆవిణ్ణి దింపి, తను బండెక్కి యాక్సిలరేటరు తొక్కి, మొహం చిట్లించారు. "ఇదీ ఒక ఇంజినేనా? జీవం లేదు, లాగడం లేదు. డొల్ల శబ్దం. నా పాతదాని కాలిగోటికి సరిపోదు."

"మీ పాతది జన్మలో ఇలా పలికిందా? వినండి, వీణ మీటినట్టుంది!"

"ఊరంతా గాలించి తెచ్చాను బావా," అన్నాడు బావమరిది. "ఈ మోడల్ ఒక్కటంటే ఒక్కటే ఉంది. అదీ నా మొహం చూసి సగానికి సగం తగ్గించి ఇచ్చాడు."

"ఎవడు?"

జవాబు చెప్పక్కర్లేకపోయింది. మేస్త్రి గేటు తోసుకుని లోపలికి వచ్చాడు. వెనకాలే పెళ్లి బట్టల్లో లేత్ షాపు యజమాని. ఆయన తిన్నగా వెళ్లి, బానెట్ ఎత్తి, ఇంజిన్ మీద చెయ్యి వేశాడు.

"ఏం మాస్టారూ, నేను దొంగనా? డ్రైవింగ్ స్కూలు కారుకి ఇంజిన్ కావాలని మీ బావమరిదిగారే వచ్చారు. మీదే కదా అని ఇచ్చి పంపాను. బోరు చేసిన కూలీ తప్ప ఇంకేమైనా తీసుకున్నానా? ఇది మీ పాత ఇంజినే!"

బావమరిది మొహం తిప్పుకున్నాడు, ఆ మొహం చూసి ఎవరూ ఏమీ తగ్గించలేదని తేలిపోయింది కాబట్టి.

ముందుగా తేరుకున్నది మాస్టారు. మళ్లీ యాక్సిలరేటరు తొక్కి, కళ్లు అరమోడ్చారు. "ఆహా, ఏం జీవం! ఏం లాగడం! నా ఇంజిన్ గొంతు నాకు తెలీదూ?"

ఆవిడ చెవి రిక్కించి విని, పెదవి విరిచింది. "ఇందాకట్నుంచీ అనుకుంటూనే ఉన్నాను, ఎక్కడో టకటకమంటోందని. వేరేది పెట్టించాల్సిందే."

"చూద్దాంలే," అన్నారు మాస్టారు.

"మీ ఇష్టం," అంది ఆవిడ.

మొత్తానికి ఆ ఇంట్లో ఇంజిన్ ఒక్కటే బాగుపడింది.