వడ్రంగి అంపాడు పిల్లలు

నా రాతలో తప్పులుంటాయి, మన్నించండి. మా ఆయన పోయాక నేర్చుకున్న అక్షరాలివి. ఒక్కో మాట కూడబలుక్కుని రాసేసరికి పక్కనున్న గంజి చల్లారిపోతుంది. అయినా మా ఊళ్ళో జరిగింది జరిగినట్టు చెబుతాను.

ఆ శనివారం పొద్దున్న దర్జీ బదు అనుకున్నది చిన్న పని. ఊరవతలి పేట పిల్లలకు అతను చావుల్లో ఆడే అడోవా నాట్యమూ డోలు వాయించడమూ నేర్పుతాడు. చప్పుడు భరించలేక బడివాళ్ళు తమ ఆవరణలోంచి వాళ్ళను వెళ్ళగొట్టారు. "మా తమ్ముడి చావుకి వచ్చి బాగా ఆడండి, నా కోకో గింజల షెడ్డు సాధనకి మీకిస్తా" అని ఊరి ఆడవాళ్ళకు పెద్దయిన రాణీతల్లి మాటిచ్చింది. ఆ షెడ్డు దక్కకపోతే బృందం మూతబడినట్టే.

మా ఊళ్ళో శవాన్ని దాచి ఉంచి శనివారమే సాగనంపుతారు, అందుకే ఆ రోజు వీధికో చావు. ప్రతి ఇంటి ముందూ ఎర్ర షామియానా, అందరి ఒంటిమీదా నలుపూ ఎరుపే. వ్యాను డ్రైవరు మొదటి షామియానా దగ్గరే పిల్లల్నీ డోళ్ళనీ దింపేసి వెళ్ళిపోయాడు. ఎవరు పోయారని చావింట్లో అడిగితే అంతకంటే అవమానం లేదు. పద్ధతి ప్రకారం బృందమంతా కుడివైపు నుంచి వరసగా కూర్చున్నవాళ్ళందరితో చేతులు కలిపి, చివరికి మంచం మీదున్న శవం దగ్గరికి చేరారు.

బృందంలో పాట అందుకునే డుఫి బదు చెవిలో గొణిగింది. "అన్నా, రాణీతల్లి తమ్ముడు ఇంత లావుండేవాడు కదా. ఈయనేంటి, ఇలా చిక్కిపోయాడు?"

"పోయినవాళ్ళు చిక్కరా?" అన్నాడు బదు. మరుక్షణం గేటు బయటికి తొంగి చూశాడు. "ఓరి దేవుడో! వేరే వీధి!"

"పోదాం పద."

"చేతులు కలిపి ఆడకుండా పోతే కొడతారే. ఒక్క ఆట ఆడి జారుకుందాం."

డోలు మోగింది. అడోవాలో చేతులే మాట్లాడతాయి. అందరికంటే చిన్నది కిసివా, నేర్పింది నేర్పినట్టు రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది. నాన్న పోయాడు, నేను దిక్కులేనిదాన్నయ్యాను అని దానర్థం. వెనకున్న పిల్లలంతా అలాగే పెట్టారు. షామియానా కింద అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఎందుకంటే పోయిన వడ్రంగి అంపాడుకు పిల్లలు లేరు.

అందరికంటే ముందు లేచినవాడు వంశపెద్ద నిమాకో. మా పద్ధతిలో తండ్రికి శవపేటిక తేవలసింది పిల్లలు. పిల్లలు లేరు కాబట్టి ఆ భారం వంశం మీద పడింది. పెట్టె ఎవరు తేవాలన్న తగవు తెల్లవారినప్పటి నుంచీ తెమలలేదు. అంపాడు చేసిన పెట్టెలు అతని పనిషెడ్డులోనే ఉన్నాయి. కానీ ఆచారం ప్రకారం షెడ్డు మేనల్లుడికి, అంటే తల్లివైపు వంశానికే చెందుతుందంటూ నిమాకో పెట్టెలతో సహా ముందే తాళం వేసుకున్నాడు.

"వినండహో!" అని గొంతెత్తాడు నిమాకో. "మా అంపాడు గొడ్డుపోలేదు! ఇదిగో పిల్లలు! వంశపెద్దగా ఒప్పుకుంటున్నా. ఇక పెట్టె వీళ్ళే తెస్తారు!"

"పెద్దాయనా, అది కాదండీ..." అన్నాడు బదు.

"నువ్వు కూర్చో బాబూ. పెంచినవాడివి, నీకూ రుణపడ్డాం."

అంపాడు భార్య అజేవా ఏడుపు ఆపి డుఫి మీదికి వచ్చింది. "నువ్వేనా వీళ్ళమ్మవి? ఇంతమందినా? ఎప్పుడు కన్నావే! నా మొగుడు నాలుగు రోజులు ఊరు దాటిన పాపాన పోలేదు!"

డుఫి ఆమె భుజం పట్టుకుని చెవిలో గబగబా చెప్పేసింది. "అక్కా, నీకు దణ్ణం పెడతా, అరవకు. వీధి తప్పాం. మీ ఆయనెవరో మాకు తెలీనే తెలీదు."

అజేవా పిల్లల్ని చూసింది, నిమాకో నడుముకు వేలాడుతున్న తాళంచెవిని చూసింది. ముక్కు చీదుకుని బదు వైపు తిరిగింది.

సరిగ్గా అప్పుడే రాణీతల్లి తన పరివారంతో గేటు దగ్గరికి వచ్చింది. "మా తమ్ముడు ఆటా పాటా లేక మూగగా పడున్నాడు, మీరిక్కడ గంతులేస్తున్నారా! నా షెడ్డు మీద ఆశ వదులుకోండి!"

కిసివా ఏడవడం మొదలుపెట్టింది, ఈసారి నిజంగానే.

"ఊరుకో తల్లీ," అంది అజేవా. "మీ నాన్న షెడ్డుండగా నీకు కోకో షెడ్డెందుకు? నిమాకో మామా, తాళం ఇటు తే. పిల్లలు పెట్టె తేవాలిగా. వాళ్ళ నాన్న చేసిందే తెస్తారు."

"షెడ్డు వంశానిది!"

"ఇప్పుడు చట్టం వచ్చింది మామా. షెడ్డు పెళ్ళానికీ పిల్లలకీ."

"అసలు వీళ్ళు వాడి పిల్లలని ఎవరన్నారు?" అన్నాడు నిమాకో.

షామియానా కింద తలలన్నీ అతనివైపే తిరిగాయి.

"నువ్వే అన్నావయ్యా," అంది రాణీతల్లి. "నీ గొంతు వీధి మలుపు దాకా వినబడింది. వంశపెద్ద ఒప్పుకున్నాక వెనక్కి తీసుకోవడం నేనెక్కడా చూళ్ళేదు. ఇచ్చెయ్."

పిల్లలు పనిషెడ్డులోంచి మంచి పెట్టెనే ఎంచి మోసుకొచ్చారు. అంపాడును పూడ్చాక, బదు వాళ్ళందర్నీ రాణీతల్లి తమ్ముడి దగ్గరికి తీసుకెళ్ళి పొద్దుపోయే దాకా ఆడించాడు.

ఇప్పుడు ఆ పనిషెడ్డులో రోజూ సాయంత్రం డోళ్ళు మోగుతాయి. పక్కిల్లు నిమాకోది.

— అబెనా ఫొరివా, డెబ్భై రెండేళ్ళు. ఇప్పుడు కుమాసీలో చెల్లెలింట్లో ఉంటున్నాను.