వెనక్కి పోని బోటు

"ఈ పొద్దు ఒక్కదినం ఎవురి మీదా అరవద్దు," అంది నాగలక్ష్మమ్మ, మొగుడి ముందు బొరుగుల ఉగ్గాని పళ్ళెం పెడుతూ. "ఆ ఇంజనీరు సంతకం పెట్టి పోయేదాంకా పండ్లు బిగబట్టుకోని ఉండు. నీకు దండం పెడతా."

"నేనెప్పుడే అరిసింది?" అని ముత్యాలప్ప అరిచాడు.

పక్కింటి కుక్క లేచి వీధి చివరకు పోయి పడుకుంది. అలవాటైన కుక్క.

ముత్యాలప్ప నక్కలగుట్ట డ్యాం మీద సూపర్‌వైజరు. ఆ రోజుకు ఆయన వేసుకున్న ప్లాను చాలా చిన్నది. అనంతపురం నుంచి పెద్ద ఇంజనీరు జీపులో వస్తాడు. కొత్త మోటారు బోటు ఎక్కుతాడు. అవతలి గట్టున ఉన్న గువ్వలకొట్టాలకు పోయి, టెంకాయ నీళ్ళు తాగి, ఇవతలికి వచ్చి సంతకం పెడతాడు. మర్నాటి నుంచి బోటు జనాన్ని చేరవేస్తుంది. ఇందులో అరవడానికి చోటెక్కడుంది?

అయితే ఆ సంతకం వెనక ఒక కథ ఉంది, అది తలుచుకుంటేనే ముత్యాలప్పకు ఒళ్ళు మండుతుంది. డ్యాం కట్టినప్పుడు గువ్వలకొట్టాల దారి నీళ్ళలో మునిగిపోయింది. బస్సు రోడ్డుకు రావాలంటే గుట్టల చుట్టూ, రాళ్ళలో, కంపల్లో సగం పూట నడవాలి. వానలు ముఖం చాటేసి డ్యాంలో నీళ్ళు సగానికి దిగిపోయినా ఆ దారి మాత్రం బయటపడలేదు. కరువు కూడా పేదవాళ్ళ మీదే కసి తీర్చుకుంటుంది. ఆ ఊరి హనుమక్క తమ్ముణ్ణి పాము కరిస్తే మంచం మీద మోసుకుని ఆసుపత్రికి బయలుదేరారు. సగం దారిలో మోసేవాళ్ళు మంచం దించి తలగుడ్డలు తీసేశారు.

ఆ దినాలు కాగానే ఊరు ఊరంతా పోయి రోడ్డు అడిగింది. "నలభై ఇళ్ళకి రోడ్డేమిటయ్యా? ఎదురుగా అన్ని నీళ్ళు పెట్టుకుని! బోటు ఇస్తాం పొండి," అన్నారు పెద్దలు. అడిగింది రోడ్డు, ఇచ్చింది బోటు. అది ఇవ్వడానికి కూడా ఏళ్ళు పట్టింది. ఈలోగా "కరువు సీమకు బోటంట!" అని తాలూకా అంతా పగలబడి నవ్వింది. ఇవాళ పరీక్షలో నెగ్గకపోతే ఆ బోటు కూడా ఇంకో జిల్లాకు పోతుందని కాగితంలో ముందే రాసిపెట్టారు.

ముత్యాలప్ప గట్టు మీదికి వచ్చేసరికి హనుమక్క అక్కడ ఉంది. చీకటితో లేచి గుట్టల చుట్టూ నడిచి వచ్చిన మనిషి. కాళ్ళకు ముళ్ళు, ఒళ్ళో నిమ్మకాయలు.

"ఏందిక్కా ఇవి?"

"కొత్త బండికి నిమ్మకాయలు తొక్కీకుండా ఎట్ల కదిలిస్తారప్పా?"

"ఇది బోటుక్కా. దీనికి చక్రాలు యాడుండాయి?"

"చక్రాలు లేకుంటే ఏమి? బండి బండే. మొదటి అడుగు మాత్రం ముందుకే పడల్ల. వెనక్కి పడిందంటే మా ఊరోళ్ళు ఒక్కరూ ఎక్కరు. నేను అసలే ఎక్కను."

ముత్యాలప్పకు కళ్ళు ఎర్రబడ్డాయి. నీళ్ళు తగ్గిపోవడంతో బోటును ఒక ఇరుకు కాలువ తవ్వి అందులో నిలిపారు. లారీ మీంచి దించిన మహానుభావులు మూతి గట్టు వైపు పెట్టి దించారు. తిప్పడానికి చోటు లేదు. ముందుకు కదిలితే గట్టెక్కి కూర్చుంటుంది. బయటపడాలంటే వెనక్కి రావడం ఒక్కటే దారి.

"ముందుకు పోతే గట్టుకు గుద్దుకుంటాది! కండ్లు కనపడ్లేదా?" అని అరిచాడు.

"పోయినేడు పంచాయితీ ట్రాక్టరును మొదట వెనక్కి తీసినారు. నెల తిరక్కుండానే బాయిలో పడింది. మా తమ్మున్ని మోసుకోని పోయిన దినం కూడా, ఏదో మర్సిపోయినామని గడప దాటినోళ్ళం వెనక్కి తిరిగినాం. నేను మళ్ళా వెనక్కి పోనియ్యను."

దీనికి జవాబేమిటి? జవాబు దొరకనప్పుడు చేసే పనే ముత్యాలప్ప చేశాడు. అక్కడ షామియానా కడుతున్నవాళ్ళ మీద పడి, గుంజలు వంకరగా ఉన్నాయని తిట్టడానికి పోయాడు.

హనుమక్క దగ్గర మిగిలినవాడు బోటు డ్రైవరు ఓబుళేసు. నిన్నమొన్నటి దాకా లారీ తోలినవాడు. కంపెనీ మనిషి వచ్చి ఒక పూట నేర్పి పోయాడు. ఆ బోటులో విశేషం ఏమిటంటే ఇంజను ఎప్పుడూ ఒకే దిక్కుకు తిరుగుతుంది. నీళ్ళ కింద ఉన్న ప్రొపెల్లరూ ఒకే దిక్కుకు తిరుగుతుంది. కానీ దాని రెక్కలు మాత్రం మొదలు దగ్గర మెలి తిరుగుతాయి. డ్రైవరు పక్కనున్న కడ్డీని ముందుకు తోస్తే ఒక వైపు వాలి బోటును ముందుకు నెడతాయి. వెనక్కి లాగితే ఇంకో వైపు వాలి వెనక్కి లాగుతాయి. కడ్డీ నడిమధ్య నిలిస్తే ఉత్తినే తిరుగుతాయి.

"అక్కా, నా చెయ్యి ముందుకు పోతే సాలునా?" అన్నాడు ఓబుళేసు.

హనుమక్క ఆలోచించింది. "నీళ్ళ కింద ఏది ముందో ఏది వెనకో గంగమ్మకెరుక. మనం చేసేది మంచిగా చేయల్ల. నీ చెయ్యి ముందుకు పోతే సరే."

కడ్డీ నుంచి రెక్కలకు పోయే ఇనుప కమ్మీ ఒక పిన్నుతో బిగించి ఉంది. ఓబుళేసు ఆ పిన్ను ఊడబెరికి, కమ్మీని కడ్డీ తిరిగే ఇరుసుకు అవతలి పక్క రంధ్రంలో పెట్టి బిగించాడు. అంతే, ముందుకంటే వెనక్కి, వెనక్కంటే ముందుకు. ఈ ముక్క చెబుదామని ముత్యాలప్ప దగ్గరికి పరుగెత్తాడు.

"అన్నా, ఆ కడ్డీ..."

"నీ కడ్డీ కాలిపోనూ! ఆడ జీపు దుమ్ము కనపడతాంది. పో, పొయ్యి నీ సీట్లో కూచో!"

జీపు దిగిన ఇంజనీరు గోదావరి లంకల్లో పుట్టినవాడు. గట్టు దిగుతూనే, "ఉగ్గుగిన్నె పట్టకముందే తెడ్డు పట్టినోళ్ళమండీ మేము. ఈ రాళ్ళ సీమలో నాకు బోటు చూపిస్తారా!" అని నవ్వాడు. గట్టు నుంచి వేసిన బల్ల మీద కాలు పెట్టి బోటెక్కుతుంటే చితుక్కుమంది. హనుమక్క ముందే అక్కడ పేర్చిన నిమ్మకాయలు ఆయన బూటు కింద నలిగాయి.

"తొక్కినాడు! దొరతోనే తొక్కించినాడు సామి!" అంటూ హనుమక్క సంతోషంగా బోటెక్కి కూర్చుంది. ఇంజనీరు బూటు విదిలించుకున్నాడు. ముత్యాలప్ప పళ్ళు బిగబట్టాడు.

ఓబుళేసు ఆయన చెవి దగ్గరికి వంగి, "అన్నా, ఒక్క మాట, పిన్ను..." అన్నాడు.

"ఒక్క మాట గూడా వొద్దు. నడుపు!"

ఇంజను మోగింది. ఓబుళేసు అందరూ చూసేలా కడ్డీని ముందుకు తోశాడు. బోటు వెన్నలో కత్తిలా వెనక్కి జారి కాలువలోంచి బయటికి వచ్చింది.

"అదేమిటయ్యా, లివరు ముందుకి తోస్తే పడవ వెనక్కి పోతోంది?" అన్నాడు ఇంజనీరు.

ముత్యాలప్ప నోరు తెరిచాడు. ఆయనకూ అంతు చిక్కలేదు. కానీ పై అధికారి ముందు తెలియదనడం ఆయన ఉద్యోగ ధర్మంలో లేదు. "కొత్త మోడలు సార్. ఇది ఇట్లే ఉంటాది," అనేశాడు.

"ఓహో, తిరగేసిన మోడలా! ముందుకంటే వెనక్కి, వెనక్కంటే ముందుకి. చిటికెలో పట్టేశాను," అని ఇంజనీరు తలాడించి, మూతి దగ్గర గొడుగు వేసుకుని కూర్చున్నాడు.

బోటు మూతి తిప్పుకుని నడినీళ్ళలోకి వచ్చింది. ముత్యాలప్ప డ్రైవరు దగ్గరికి పోయి గొంతు నొక్కినంత పని చేశాడు. "ఏం చేసినావురా దీన్ని?"

ఓబుళేసు మొత్తం చెప్పాడు. నిమ్మకాయలు, చెయ్యి, గంగమ్మ, పిన్ను.

"ప్రభుత్వం బోటును నీ ఇష్టానికి మారుస్తావా? ఈ సంగతి ఆయప్పకు తెలిస్తే నువ్వూ ఉండవు, నేనూ ఉండను! తీయ్. ఇప్పుడే తీసి ఎట్లుండేది అట్ల పెట్టు!"

"మరి దొరకు చెప్పల్ల గదన్నా? ఆయప్ప తిరగేసిన మోడలు అనుకోనుండాడు."

"చెప్పేది నేను చెప్తా. నువ్వు నోరు మూసుకోని పిన్ను పెట్టు."

బోటు ఆగింది. ఏమైందని ఇంజనీరు అడిగితే ఇంజను వేడెక్కిందని హనుమక్కే చెప్పింది. ఆమెకు ఏమీ తెలియదు, కానీ లారీలు ఎప్పుడు ఆగినా అదే చెబుతారు. పిన్ను మళ్ళీ పాత రంధ్రంలోకి వచ్చింది. బోటు కదిలింది. ముత్యాలప్ప గొంతు సవరించుకుంటూ ఇంజనీరు దగ్గరికి పోయాడు. చెప్పాల్సిన వాక్యం నోటి చివర సిద్ధంగా ఉంది.

ఆయన కంటే ముందు ఇంజనీరు నోరు తెరిచాడు. "ఏమయ్యా, ఆ కనపడేదేనా ఊరు? నాలుగు గుడిసెలు, పది గొర్రెలు. దీని కోసమా మూడు ఆఫీసుల్ని పీక్కు తిన్నారు? వీళ్ళకి రోడ్డు కూడా కావాలట రోడ్డు! ఊళ్ళో పడుంటే సరిపోదూ?"

హనుమక్క విన్నది. తల వంచుకుని ఒళ్ళో మిగిలిన ఒక్క నిమ్మకాయను తిప్పుతూ కూర్చుంది.

ముత్యాలప్పకు అరికాలి మంట నెత్తికెక్కింది. నోరు తెరిస్తే వచ్చేది పిన్ను సంగతి కాదని ఆయనకు తెలుసు. అప్పుడే నాగలక్ష్మమ్మ దండం గుర్తొచ్చింది. పండ్లు బిగబట్టాడు. పెదాలు మూశాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో పెళ్ళాం మాట విన్నది ఆ ఒక్కసారే. తల్లీ, ఆ ఒక్కసారి వినకుండా ఉంటే ఎంత బాగుండేది!

గువ్వలకొట్టాల గట్టున జనం దండలు పట్టుకుని నిలబడ్డారు. ఉరుములనే డోళ్ళు మోగుతున్నాయి. గట్టు దగ్గర పడేసరికి ఓబుళేసు కడ్డీని నడిమధ్యకు తెచ్చాడు. బోటు తన ఊపు మీద తాను వేగంగా జారుతోంది. ఇంజనీరు గొడుగు మూసి లేచాడు.

"లేవయ్యా, లే. ఒడ్డుకి పడవ ఎలా ఆనించాలో గోదావరోణ్ణి, నేను చూపిస్తాను."

"దొరా, అది..." అని ఓబుళేసు ముత్యాలప్ప వైపు చూశాడు. పొద్దుటి నుంచి నోరు మూసుకోమన్న మాటలన్నీ కలిసి ఇప్పుడు పనిచేశాయి. ఓబుళేసు నోరు మూసుకున్నాడు.

ఇంజనీరు బోటును ఆపాలనుకున్నాడు. తిరగేసిన మోడలు లెక్కన వెనక్కి లాగాలంటే ముందుకు తోయాలి. తోశాడు. బోటు ఎగిరి దూకింది. "ఆగు! ఆగు!" అంటూ ఇంకా గట్టిగా తోశాడు. డోళ్ళవాళ్ళు డోళ్ళు విసిరేసి పరుగెత్తారు. ఊరి పెద్ద వీరప్ప చేతిలోని దండ బోటు మూతికి పడింది. బోటు ఆ దండతోనే బురద గట్టెక్కి, గొర్రెల మంద మధ్యలోంచి జారి, వేరుశనగ కట్టె వామిలోకి మూతి దూర్చి ఆగింది. ప్రొపెల్లరు మాత్రం నీళ్ళు లేకుండా కాసేపు గాలిలో తిరిగింది, ఇంజను పెద్దగా దగ్గి చచ్చింది.

మొదట లేచింది హనుమక్క. ఒళ్ళు దులుపుకుని చుట్టూ చూసి, "ముందుకే పోయింది గదా," అంది తృప్తిగా.

"కండెమ్!" అని ఇంజనీరు వామిలోంచి తల బయటపెట్టి గర్జించాడు. "మీకు బోటు లేదు, ఏమీ లేదు! దీన్ని వారంలో గోదావరికి పంపించకపోతే నా పేరు మార్చుకుంటాను!"

అప్పుడు తెగింది ముత్యాలప్పకు. సంతకం ఎటూ పోయింది. ఇంక పండ్లు ఎందుకు బిగబట్టాలి?

"పంపించు సార్! ఎట్ల పంపిస్తావో పంపించు! నీళ్ళు దినానికింత దిగిపోతాండాయి. మళ్ళా నీళ్ళలోకి తోయాలంటే మోకాలి లోతు బురద. లారీ మీద పంపించాలంటే ఈ ఊరికి దారి యాడుండాది? ఈయక్క తమ్ముడు మంచం మీద సచ్చిపోయినప్పుడు లేని దారి, నీ బోటుకు యాన్నుంచి తెస్తావు? చెప్పు సార్!"

గుట్టల దాకా వినపడింది. గొర్రెలు కూడా మేత ఆపాయి. ఇంజనీరు వామిలోంచి దిగి నీళ్ళ వైపు చూశాడు. జీపు అవతలి గట్టున ఉంది. మిగిలింది గుట్టల చుట్టూ నడక. ఆ ఎండలో, రాళ్ళలో, నిమ్మరసం ఇంకిన బూట్లతో ఆయన నడిచాడు. ముందు హనుమక్క దారి చూపింది. సగం దారిలో ఒక చోట ఆమె ఆగి, ఒళ్ళోని నిమ్మకాయ తీసి ఒక బండ మీద పెట్టి మళ్ళీ నడిచింది.

ముత్యాలప్పకు మెమో వచ్చింది. ఆయన దాన్ని చదివి, తెచ్చిన బంట్రోతు మీద అరిచాడు. ఆ తర్వాత ఆఫీసులో కదలిక మొదలైంది. ప్రభుత్వ ఆస్తి ఎండలో పగుళ్ళిస్తోంది. అది పాడైతే ఎవరి మెడకు చుట్టుకుంటుంది? పై నుంచి ఒకరు, కింది నుంచి ఒకరు అడగడం మొదలుపెట్టారు. బోటు రావాలంటే లారీ పోవాలి. లారీ పోవాలంటే రోడ్డు ఉండాలి. నలభై ఇళ్ళ మనుషులు ఏళ్ళ తరబడి అడిగినా పుట్టని రోడ్డు ఒక బోటు కోసం కరువు పనుల కింద ఆ ఎండాకాలంలోనే పుట్టింది. రాళ్ళు కొట్టింది, మట్టి మోసింది గువ్వలకొట్టాల వాళ్ళే. మనిషికి విలువ లేని చోట బోటుకైనా ఉంది, దానికి సంతోషించాలో చెప్పుతో కొట్టాలో ముత్యాలప్పకు తెలియలేదు.

లారీ వచ్చి బోటును తీసుకుపోయింది. దాన్ని గోదావరికే పంపారట. రోడ్డును మాత్రం వెంట తీసుకుపోవడం ఎవరికీ కుదరలేదు.

శ్రావణంలో ఆ రోడ్డు మీద మొదటి బస్సు వచ్చింది. నాగలక్ష్మమ్మ కూడా మొగుడితో వచ్చింది. డోళ్ళు మోగాయి, టెంకాయలు పగిలాయి. ఊరి చివర రోడ్డు నీళ్ళ దగ్గర ఆగిపోతుంది. బస్సు తిరగడానికి చోటు వదలడం రోడ్డు వేసినవాళ్ళెవరికీ తట్టలేదు. డ్రైవరు తల బయటపెట్టి, "అందరూ జరగండప్పా, రివర్సు తీస్తాండా!" అన్నాడు.

హనుమక్క నిమ్మకాయలు పట్టుకుని బస్సు వెనక అడ్డంగా నిలబడింది. "మా ఊర్నుంచి మొదటి అడుగు వెనక్కి పోనియ్యను."

డ్రైవరు నెత్తి గోక్కున్నాడు. జనంలోంచి ఓబుళేసు మెల్లగా ముందుకు వచ్చి, "అక్కా, ఆయన చెయ్యి ముందుకు పోతే సాలునా?" అని అడిగాడు.

ముత్యాలప్ప ఏమీ అరవలేదు. బస్సెక్కి, ఓబుళేసు చెయ్యి పడకుండా గేరు రాడ్డును రెండు చేతులా వాటేసుకుని కూర్చున్నాడు.