కాలిబాట మీద సేనాని

ఆ ఉదయానికి హెడ్‌మేడమ్ వేసుకున్న పథకంలో తప్పు పట్టవలసింది ఏమీ లేదు. తొమ్మిదింటికల్లా ఇంటి ముందున్న ట్రక్కు కదలాలి. పదకొండింటికి నగరపాలక కార్యాలయం నుంచి ఇన్‌స్పెక్టరు రావాలి. వీధి పొడవునా కాలిబాటను మింగేసిన దుకాణాల సామానును ఆయన కళ్లారా చూడాలి. చూసి, తొలగింపు ఉత్తర్వు రాయాలి. ఏళ్ల తరబడి బడి నడిపిన మనిషి గనుక, ఆలస్యాలకు కూడా అందులో కొంత చోటు వదిలిపెట్టింది. లెక్కలోకి తీసుకోనిది ఒక్క భర్తను మాత్రమే.

ఆ ఉత్తర్వు ఆమెకు పంతం కాదు, అవసరం. ఎనభై దాటిన అత్తగారు చక్రాల కుర్చీ మనిషి. వీధి చివరి ఆసుపత్రిలో వ్యాయామం చేయించడానికి ఆమెను తరచుగా తీసుకువెళ్లాలి. కాలిబాట మీద ఒకచోట సోఫాలు, ఒకచోట టైర్లు, ఒకచోట సిమెంటు బస్తాలు. కుర్చీ రోడ్డు మీదకు దిగక తప్పదు. కిందటి వానాకాలంలో ఒక వ్యాను కుర్చీని రాసుకుంటూ పోయింది. అత్తగారు కిందపడి మణికట్టు విరగ్గొట్టుకున్నారు. అంతకుముందు నుంచే నడుస్తున్న ఫిర్యాదుతో హెడ్‌మేడమ్ ఆ రోజు నుంచి కార్యాలయం వారికి ఊపిరి సలపనివ్వలేదు. ప్రతి విచారణలోనూ దుకాణదారులది ఒకటే పాట: "లోపల చోటు లేదు సార్, బయట పెట్టకపోతే మా పొట్ట గడవదు." ప్రతిసారీ వాయిదా. ఇక ఈ తనిఖీయే ఆఖరిదనీ, ఇందులోనూ తేలకపోతే ఫైలు మూసేస్తామనీ కార్యాలయం వారు చెప్పేశారు.

ట్రక్కు సంగతి వేరు. బీమా కంపెనీలో పదవీ విరమణ చేసిన తోటివారు మొక్కలు పెంచుకుంటుంటే, హెడ్‌మేడమ్ భర్త సైన్యం వారి వేలంలో తనకంటే వయసులో కొంచెమే చిన్నదైన ట్రక్కును కొని ఇంటికి తెచ్చుకున్నాడు. దానికి సేనాని అని పేరు పెట్టాడు. పెరట్లో మూడేళ్లు దాని తుప్పు గీకాడు, పలకలు సాగగొట్టాడు, సంతలన్నీ గాలించి విడిభాగాలు తెచ్చాడు. రంగు వాసనకు తల్లికి దగ్గు వస్తోందని, ఆరేదాకా ఒక్క రోజు ఇంటి ముందు పెడతానన్నాడు. ఆ ఒక్క రోజుకు వారం నిండింది. సేనాని కాలిబాటను ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఆక్రమించుకుని, కొత్త ఆకుపచ్చ రంగులో మెరిసిపోతూ నిలబడి ఉన్నాడు.

"ఏమండీ, తొమ్మిదైంది," అంది హెడ్‌మేడమ్.

"పది నిమిషాల పని. మా పాత మిలిటరీ బండ్ల క్లబ్బు షెడ్డులో పెట్టేసి వస్తా. ఒక్క పిలుపుకి లేస్తాడు చూడు, మావాడు!"

మావాడు ఒక్క పిలుపుకు లేవలేదు. నాలుగు పిలుపులకూ లేవలేదు. ఇంజను గరగరమని గొంతు సవరించుకోవడమే తప్ప మాట్లాడటం లేదు. అయిదోసారికి భర్త నుదురు కొట్టుకున్నాడు.

"రోటర్ తీసేశాను కదే నిన్న!"

ఆ కాలపు సైనిక వాహనాలకు తాళంచెవి ఉండదు. స్విచ్చి తిప్పితే ఎవరైనా తోలుకుపోవచ్చు. అందుకని ఆ ముచ్చట ఉన్నవాళ్లు బండి దిగేటప్పుడు ఇంజనుకు నిప్పురవ్వను పంచిపెట్టే బొటనవేలంత ముక్కను ఊడదీసి దగ్గర పెట్టుకుంటారు. దాని పేరే రోటర్. అది లేకపోతే సైన్యాధ్యక్షుడు దిగివచ్చినా బండి కదలదని భర్త ఎందరికో గర్వంగా చెప్పి ఉన్నాడు.

"తీసి ఎక్కడ పెట్టారు?"

"జేబులో."

"ఏ జేబులో?"

"చొక్కా జేబులో."

"ఏ చొక్కా?"

"అదే... ఆ ఆకుపచ్చది."

"మీకున్నవన్నీ ఆకుపచ్చవే."

ఆకుపచ్చ చొక్కాలన్నీ మంచం మీద కుప్పపడ్డాయి. జేబుల్లో మరలు, బోల్టులు, నూనె గుడ్డలు, ఒక చోట హెడ్‌మేడమ్ ఎన్నాళ్లుగానో వెతుకుతున్న కళ్లద్దాల గుడ్డ దొరికాయి. రోటర్ లేదు. భర్త కాలు కాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగి, చివరికి వంటగదిలో తల్లి దగ్గర ఆగాడు.

"అమ్మా, గోధుమరంగుది, ఇంతే ఉంటుంది, పైన ఇత్తడి రేకు. చూశావా?"

"బల్ల మీద పడేశావే, అదేనా? భలే ఉందిరా! పాలగిన్నె మూతకి కుదిరినట్టు కుదిరింది." అత్తగారు మూత ఎత్తి చూపించారు. దాని నడినెత్తిన రోటర్ హుందాగా కూర్చుని ఉంది. "ఎన్నాళ్ల నుంచి మొత్తుకుంటున్నాను, ఈ మూతకి పిడి పెట్టించరా అని. నీకా లారీ తప్ప ఇంకేదీ కనబడదాయె. రాత్రి నేనే జిగురు పెట్టి అతికించా. ఏనుగు లాగినా ఊడదు."

ఆ చివరి మాట అక్షరాలా నిజమని తేలింది. వేడినీళ్లు పోశారు, చాకు మొన దూర్చారు, పట్టకారు పెట్టి మెలితిప్పారు. ఏనుగు బలం చాలని పని భర్త కంగారుతో అయింది: రోటర్ రెండు ముక్కలైంది. పై సగం పట్టకారులోకి వచ్చింది, కింది సగం మూత మీదే ఉండిపోయింది. మూత మాత్రం చెక్కు చెదరలేదు.

"అయితే ఇంకోటి కొనుక్కు రండి," అంది హెడ్‌మేడమ్.

"కొనుక్కు రావడానికి అదేమన్నా చొక్కా గుండీనా? ఆ ఫ్యాక్టరీ మూతపడి నలభై ఏళ్లయింది. ఎవడో ఒకడు తన బండిలోంచి పీకి ఇవ్వాలి."

"అయితే తోయండి."

"తోయడమా! అది ఎంత బరువో తెలుసా నీకు?"

"కొన్న రోజున ఆ సంగతి మీకు తెలియలేదు కాబోలు," అని ఆమె గడియారం వంక చూసింది. పది కావస్తోంది. "ఇన్‌స్పెక్టరు వచ్చేసరికి ఫిర్యాదు చేసిన ఇంటి ముందే ఇది కనబడితే నా మొహం ఎక్కడ పెట్టుకోను? ఏం చేస్తారో నాకు తెలియదు. తీయించండి."

భర్త తన క్లబ్బులోని మేజరు గారికి ఫోను చేశాడు. ఆయన ఏనాడూ సైన్యంలో లేడు, పళ్ల డాక్టరు. ఒక పాత సైనిక జీపుకు యజమాని కావడం వల్ల తనకు తానే ఆ హోదా ఇచ్చుకున్నాడు. ఆ రోజు క్లబ్బు ప్రదర్శన ఉండటంతో, మరో ఇద్దరు సభ్యులతో కలిసి ముస్తాబై ఉన్నాడు. ఆకుపచ్చ దుస్తులు, నడుముకు వెడల్పాటి పటకాలు, బూట్లు, టోపీలతో ముగ్గురూ జీపులో వచ్చి దిగారు.

"మీరేం దిగులుపడకండి వదినగారూ," అన్నాడు మేజరు గారు. "గొలుసు కట్టి లాగేస్తాం. లోపలికెళ్లి మీ పని చూసుకోండి."

హెడ్‌మేడమ్ లోపలికి వెళ్లింది. అత్తగారిని తయారు చేయాలి. విరిగి అతికిన ఆ మణికట్టును ఇన్‌స్పెక్టరుకు చూపించాలి. ఆమె చేసిన పొరపాటు అదొక్కటే. పళ్లను సైతం కొలిచి గాని ముట్టుకోని మేజరు గారు, ట్రక్కును కొలవకుండా లాగుతాడా? టేపు తీశాడు. ట్రక్కు ఎంత మలుపు తిరుగుతుందో, గొలుసు తెగితే ఎటు దొర్లుతుందో లెక్క వేసి, వీధికి రెండు పక్కలా కాలిబాటల మీద సుద్దముక్కతో పొడుగాటి గీతలు గీయసాగాడు. ఒక గీత సోఫాల మధ్య నుంచి పోయింది. సోఫాల షాపతను పరుగెత్తుకొచ్చాడు.

"సార్, సార్! ఏంటి సార్ ఇది?"

"మీవేనా ఇవి? పదకొండు లోపల తీసేస్తే మీకే మంచిది."

"తీయకపోతే?"

మేజరు గారు నిజం చెప్పే మనిషి. "తీయకపోతే మేం బాధ్యులం కాదు. ఆ ట్రక్కు ఒకసారి బయల్దేరిందంటే ఎక్కడ ఆగుతుందో చెప్పలేం. దేని మీద నుంచి పోతుందో ఏమో!"

సోఫాల షాపతను ట్రక్కు వంక చూశాడు. ముగ్గురు ఆకుపచ్చ మనుషుల వంక చూశాడు. ఆ తర్వాత హెడ్‌మేడమ్ ఇంటి వంక చూశాడు. అతనికి అంతా అర్థమైంది. అర్థమైనదంతా తప్పే.

"అన్నా, మన కొంప మునిగింది," అన్నాడు పక్కనున్న టైర్ల షాపు యజమానితో. "ఆవిడ మిలిటరీని దింపింది."

"మిలిటరీనా? ఫుట్‌పాత్ కోసమా?"

"ఆ ట్రక్కు వారం నుంచి ఊరికే ఉందనుకున్నావా? ఇవాళ్టి కోసమే. గీతలు కూడా గీసేశారు, చూడు."

"దింపుతుంది, దింపుతుంది," అన్నాడు టైర్ల షాపు యజమాని, ముఖం పాలిపోగా. "నేను చదువుకుంది ఆవిడ దగ్గరే. ఒకసారి అంటే అన్నట్టే."

కబురు సిమెంటు కొట్టుకూ అక్కడి నుంచి వీధి చివరి దాకా పాకింది. పాతికేళ్లుగా లోపల చోటు లేని దుకాణాల్లో అరగంటలో చోటు పుట్టుకొచ్చింది. సోఫాలు ఒకదానిపై ఒకటి ఎక్కి కప్పును తాకాయి. టైర్లు మేడ మెట్ల కిందికి దొర్లాయి. బస్తాలు గోడల వెంబడి సర్దుకున్నాయి. ఎవరో చీపురు తెచ్చి ఊడ్చారు కూడా.

ఇటు మేజరు గారు జీపుకూ ట్రక్కుకూ గొలుసు బిగించి, "లాగు!" అని ఆజ్ఞ ఇచ్చాడు. జీపు రంకెవేసింది, వణికింది, నల్లటి పొగ వదిలింది. తర్వాత, సేనాని ముందు అదే కాలిబాట మీద అడ్డంగా తిరిగి ఊపిరి వదిలేసింది. భర్త దాని కింద దూరాడు. పొగకు దగ్గుతూ హెడ్‌మేడమ్ బయటికి వచ్చింది.

"దాన్ని తీయమంటే దీన్ని కూడా పెట్టారా?" అనబోయి, వీధి వంక చూసి ఆగిపోయింది. కాలిబాట అరచేయిలా ఉంది. రెండేళ్లుగా ఆమె కోరుకున్నది సరిగ్గా అదే. ఆ ఒక్క గంట మాత్రం కోరుకోనిదీ అదే. ఆమె గబగబా సోఫాల షాపు దగ్గరికి నడిచింది.

"సోఫాలేవయ్యా?"

"లోపల పెట్టేశామమ్మగారూ. మీ మాట కాదంటామా?"

"బయట పెట్టు."

"అమ్మగారూ?"

"ఇన్‌స్పెక్టరు గారు చూసి వెళ్లేదాకా బయట పెట్టు. తర్వాత తీద్దువుగాని."

అతను రెండు చేతులూ జోడించాడు. "వద్దమ్మా. పెళ్లాం బిడ్డలున్నవాణ్ణి. వాటి మీద ట్రక్కు ఎక్కించే ప్లానేగా ఇది? నేను పెట్టను."

బతిమాలడం అలవాటు లేని హెడ్‌మేడమ్ బతిమాలడం మొదలుపెట్టేలోపే ఇన్‌స్పెక్టరు స్కూటరు దిగాడు. ప్రభుత్వ ఉద్యోగి చెప్పిన వేళకు రావడం తన జీవితంలో మొదటిసారి చూస్తున్నాననీ, దానికి ఇదా రోజనీ ఆమె అనుకుంది. ఆయన వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిచి వెనక్కి వచ్చాడు.

"ఫిర్యాదు ఎవరిది?"

"నాది."

"ఆక్రమణలు ఎక్కడమ్మా?"

"పొద్దున్నదాకా ఉన్నాయి."

"మేమెప్పుడూ రూలు తప్పం సార్," అన్నాడు సోఫాల షాపతను, ఇన్‌స్పెక్టరు వెనకే నడుస్తూ. కంగారు తగ్గి కొత్త ధైర్యం వచ్చింది అతనికి. "ఫుట్‌పాత్ మీద గుండుసూది కూడా పెట్టం. ఆవిడకు మేమంటే ఎందుకో కోపం."

ఇన్‌స్పెక్టరు సేనాని దగ్గర ఆగాడు. జీపు కింది నుంచి పొడుచుకొచ్చిన రెండు కాళ్లను చూశాడు. "ఇవి ఎవరివి?"

మేజరు గారు టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. కాళ్లు మాత్రం నెమ్మదిగా లోపలికి ముడుచుకున్నాయి.

"మా ఆయనవి," అంది హెడ్‌మేడమ్. "బండ్లూ, కాళ్లూ."

"వీధి మొత్తంలో ఆక్రమణ మీదొక్కటేనమ్మా. ఫిర్యాదు కొట్టేసి, మీకే నోటీసు ఇవ్వవలసి వస్తుంది."

"చారిత్రక సంపద సార్ అది!" అంది జీపు కింది గొంతు.

"మీరు ఊరుకోండి." హెడ్‌మేడమ్ ఇన్‌స్పెక్టరు వైపు తిరిగింది. ఆమె ముఖంలో కంగారు పోయి, పరీక్ష హాలులో కాపీ కొడుతున్నవాణ్ణి చూసినప్పటి ప్రశాంతత వచ్చింది. "రాయండి. తప్పు మాది, జరిమానా కడతాం. కానీ చూసింది చూసినట్టు మొత్తం రాయండి. మా ఇంటి ముందు తప్ప కాలిబాట అంతా ఖాళీగా ఉందని, ప్రతి దుకాణం సామానూ లోపలే పట్టిందని, బయట ఏమీ పెట్టుకోవలసిన పని తమకు లేదని యజమానులే చెప్పారని."

"సంతకం కూడా పెడతాం సార్!" అన్నాడు సోఫాల షాపతను ఉత్సాహంగా. టైర్ల షాపు యజమానీ, సిమెంటు కొట్టతనూ వచ్చి పెట్టారు. హెడ్‌మేడమ్‌కు నోటీసు పడుతున్న పుణ్యసమయంలో వెనకబడటం ఎవరికీ ఇష్టం లేకపోయింది.

సంతకాలన్నీ అయ్యాక ఆమె అడిగింది: "రేపు వీళ్లు మళ్లీ బయట పెడితే?"

"ఇక విచారణ ఏముందమ్మా! లోపల పడుతుందని వాళ్లే ఒప్పుకున్నారుగా. లారీ తెచ్చి ఎత్తుకుపోవడమే."

సోఫాల షాపతను నోరు తెరిచాడు. వెనక అతని దుకాణంలో, కప్పు దాకా ఎక్కిన సోఫాల మధ్య, అతను నిలబడే చోటు కూడా మిగల్లేదు. "సార్, ఆ కాగితం ఒక్కసారి ఇటిస్తారా?" అన్నాడు.

"ఇవ్వరు నాయనా," అంది హెడ్‌మేడమ్. "పేపరు ఇచ్చేశాక దిద్దుకోనివ్వరు."

మర్నాడు ఆమె అత్తగారిని ఆసుపత్రికి తీసుకువెళ్లింది. కుర్చీ చక్రాలు ఎక్కడా ఆగకుండా, ఎవరికీ దారి ఇవ్వకుండా, ఎవరినీ దారి అడగకుండా వీధి పొడవునా కాలిబాట మీదే దొర్లాయి.

"ఎంత హాయిగా ఉందే అమ్మాయ్!" అన్నారు అత్తగారు. "ఇక నాకు భయం లేదు."

కొత్త రోటర్ ఇంకా దొరకలేదు గనుక, తమ ఇంటి ముందు మాత్రం రోడ్డు మీదకు దిగవలసి వచ్చింది.