గంగయ్య సాఫ్ చేయించిన ఊరు

ఆ పొద్దున మంజుల వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికి హైదరాబాద్ నుంచి దీపిక మేడం వస్తారు. బట్టీ చూపించాలి, చాయ్ ఇవ్వాలి, నవ్వుతూ సాగనంపాలి. ఇందులో చెడిపోవడానికి ఏముందని ఎవరైనా అనుకుంటారు. మామ గంగయ్య ఇంట్లోనే ఉన్నాడన్న సంగతి పాపం ఆమె లెక్కలో వేసుకోలేదు.

భైంసా దగ్గరి ఆ ఊళ్లో పత్తి ఏరడం అయిపోయాక మిగిలిన కట్టెను చేలోనే తగలబెట్టడం తాతలనాటి అలవాటు. మంజుల, ఆమె మహిళా సంఘం కలిసి ఆ కట్టెను మూత ఉన్న ఇనుప బట్టీలో పొగ రాకుండా మాడ్చి, బొగ్గు చేసి, పశువుల ఎరువులో కలిపి రైతులకు అమ్ముతున్నారు. గాలికి పొగ తప్పుతుంది, నేలకు బలం వస్తుంది. కాకపోతే ఉన్న బట్టీ మరీ బుల్లిది. దీపిక పనిచేసే సంస్థ ఇలాంటి పనుల్లోనే పెట్టుబడి పెడుతుంది. లాభమూ రావాలి, గాలీ నేలా బాగుపడాలి అంటుంది. ఆమె సరేనంటే పెద్ద బట్టీ వస్తుంది, మంజుల భర్త రాకేశ్‌కు దాని మీదే పని దొరుకుతుంది. కాదంటే వచ్చే శుక్రవారం రాకేశ్ మళ్లీ మస్కట్ విమానం ఎక్కాలి. అతనికి వెళ్లాలని లేదు, ఆమెకు పంపాలని లేదు.

"మామా, మేడం కారు వస్తది. తొవ్వ మీద బర్లు లేకుండ జర చూడుండ్రి" అని మాత్రమే చెప్పి మంజుల బట్టీ దగ్గరికి వెళ్లింది.

గంగయ్య బర్రెలను కట్టేశాడు. అక్కడితో ఆగి ఉంటే ఈ కథే లేదు. ఆయన చుట్టూ చూశాడు. చేలల్లో పత్తి కట్టె ఎండి నిలబడి ఉంది. సంఘానికి ఇస్తామని రైతులు మాటిచ్చిన కట్టె అది. ఆయనకు మాత్రం, పట్నం మనిషి వచ్చే వేళకు ఊరు ఇంత గలీజుగా ఉండటం తల కొట్టేసినట్టయింది. నేరుగా పంచాయతీ ఆఫీసుకు పోయి మైకు అందుకున్నాడు.

"అందరు ఇనుండ్రి! పెద్ద మేడం వస్తుంది. ఎవని చేను వాడు గిప్పుడే సాఫ్ జెయ్యాలె! ఒక్క కట్టె కనవడ్డా ఊరి ఇజ్జత్ పోతది!"

ఆ ఊళ్లో చేను సాఫ్ చేయడానికి ఎవరూ చీపురు పట్టరు, అగ్గిపెట్టె పడతారు. కాసేపట్లో నాలుగు దిక్కులా పొగ లేచింది. మంజుల కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని పరుగెత్తుకొచ్చింది.

"మామా! ఏం జేసిండ్రు మామా?"

"ఫికర్ జెయ్యకు బిడ్డా, అద్దం లెక్క జేయించిన" అని గంగయ్య మీసం దువ్వుకున్నాడు.

అప్పుడే పట్టపగలు లైట్లు వేసుకుని కారు వచ్చింది. దీపిక దగ్గుతూ దిగింది. "ఏమిటండీ ఈ పొగ?"

మంజుల కొంగుతో పొగను విసిరింది. ఆమె వెనకే బట్టీ దగ్గర్నుంచి వచ్చిన రాకేశ్ నోట అక్కరలేనిది వచ్చింది. "హోమం మేడం! మీరు సల్లగుండాలని మా ఊరోళ్లు చేపిస్తుండ్రు."

"అయ్యో, నా కోసమా? అయితే నేనూ కూర్చుంటాను!" అంది దీపిక, చెప్పులు విప్పేస్తూ.

"హోమం ఏడున్నదయ్యా?" అని మంజుల పళ్ల సందునుంచి అడిగింది.

"నాకేమెరుక? నోట్లకెళ్లి వచ్చింది" అన్నాడు రాకేశ్.

ఊళ్లో ఆ సమయానికి బుద్ధిగా మండుతున్నది సంఘం బట్టీ ఒక్కటే. దానికే పసుపు రాసి బంతిపూల దండ వేశారు. పూజలు చేయించే అయ్యగారు భైంసాలో పెళ్లికి వెళ్లాడు కాబట్టి, మైక్‌సెట్ రాయమల్లుకు పట్టుపంచె కట్టి కూర్చోబెట్టారు. రాయమల్లు ఒకప్పుడు బస్టాండులో ఆటోలకు జనాన్ని పిలిచేవాడు. ఊపిరి తిప్పుకోకుండా అతను చదవగలిగింది ఆ ఊళ్ల పేర్లే. కళ్లు మూసుకుని, "భైంసా... ముధోల్... బాసరా..." అంటూ రాగం తీశాడు.

"బాసర నేను వచ్చిన దారిలోదే కదా?" అంది దీపిక.

"అన్ని దిక్కుల దేవుండ్లను పిలుస్తుండు మేడం" అన్నాడు రాకేశ్. అతని చొక్కా వీపు మీద తడిసిపోయింది.

దీపిక భక్తిగా చేతులు జోడించింది. కాసేపు బట్టీని చూసింది. తర్వాత ఆకాశాన్ని చూసింది. మళ్లీ బట్టీని చూసింది.

"ఈ హోమానికి అసలు పొగే రావడం లేదు. మరి ఊరంతా ఉన్న పొగ ఎక్కడిది?"

రాయమల్లు నిర్మల్ దగ్గర ఆగిపోయాడు. తమ బట్టీ ఇంత బాగా పనిచేస్తున్నందుకు మంజులకు మొదటిసారి ఏడుపొచ్చింది. ఇక దాచలేకపోయింది.

"హోమం లేదు, ఏం లేదు మేడం. మీరొస్తుండ్రని మా మామ ఊరి కట్టె మొత్తం కాల్పిచ్చిండు. ఏటా కాలుస్తరు, ఈసారి నేను బతిమిలాడి ఆపిన. నా పెనిమిటి మళ్ల మస్కట్ దేశం బోవద్దని ఇంత కష్టపడ్డ, అంత బూడిదైంది. ఇగ మీరు పోవచ్చు."

దీపిక పోలేదు. పకపకా నవ్వింది. "మంజులగారూ, నేను పెద్ద బట్టీకి కాదని చెప్పడానికే వచ్చాను. పోయిన నెల మావాళ్లు ఫోన్ చేస్తే, ఈ ఊళ్లో ఎవరూ కట్టె కాల్చరని ఒక పెద్దాయన చెప్పారట. కాల్చని ఊరికి మా పెట్టుబడి ఎందుకు? మీ బట్టీ లేకపోతే ఏమవుతుందో ఇప్పుడు కళ్లారా చూశాను, ముక్కారా పీల్చాను. పెద్ద బట్టీ మీకే."

"ఫోన్ల చెప్పింది నేనే. మరి ఊరి ఇజ్జత్ గదా!" అన్నాడు గంగయ్య గర్వంగా.

మంజుల ఏడుస్తూనే నవ్వింది. రాకేశ్ ఆ సాయంత్రమే టికెట్ రద్దు చేయించాడు. నెల తిరిగేసరికి పెద్ద బట్టీ లారీలో దిగింది. తీరా చూస్తే అందులో వేయడానికి ఊళ్లో ఒక్క పత్తి కట్టె మిగల్లేదు. రాకేశ్ ఇప్పుడు ట్రాక్టర్ వేసుకుని పక్క ఊళ్లన్నీ తిరిగి కట్టె అడుక్కుంటున్నాడు. మీ ఊరికి ఎవరైనా పెద్దోళ్లు వస్తున్నారా అని అక్కడివాళ్లు అడిగితే మాత్రం, ఎవ్వరూ వస్తలేరని ఒట్టేసి మరీ చెబుతున్నాడు.