దర్జీ ఒకటి, తుంటి విరిగినది

జనరల్ ఆస్పత్రిని మూసేస్తున్నారని గిట్టనివాళ్ళు ప్రచారం చేస్తున్నారనీ, అది పచ్చి అబద్ధమనీ, నూట పద్దెనిమిదేళ్ళ ఆ సంస్థకి చరిత్రలోకి ప్రమోషన్ ఇస్తున్నామనీ ఆరోగ్యశాఖ మంత్రిగారు పత్రికలవాళ్ళకి తెలియజేశారు. వచ్చే నెల ఒకటో తారీకు నుంచి అది ఆస్పత్రి కాదు, ఆస్పత్రి మ్యూజియం. ఒకప్పుడు ఈ నగరంలో వైద్యం ఎంత గొప్పగా జరిగేదో రాబోయే తరాలు కళ్ళారా చూసుకోవచ్చు.

“మరి రోగుల సంగతేంటి సార్?” అని ఒక విలేకరి అడిగాడు.

“రోగులు ఇవాళ ఉంటారు, రేపు ఉండరు. చరిత్ర ఎప్పుడూ ఉంటుంది,” అన్నారు మంత్రిగారు. వెనక నిలబడ్డ అధికారులు ఈ మాట వెంటనే రాసుకున్నారు.

మర్నాడు పొద్దున ఈ వార్తని ఎముకల వార్డులో, పదిహేడో మంచం మీద పడుకున్న దర్జీ పేపర్లో చదివి పెద్ద సిస్టర్‌కి వినిపించాడు.

“మనకి ప్రమోషన్ వచ్చిందట అమ్మా.”

పెద్ద సిస్టర్ ఉలిక్కిపడలేదు. ముప్పై ఒక్క ఏళ్ళ సర్వీసులో ఆవిడ పదమూడుమంది ఆరోగ్య మంత్రులకి పూలగుత్తి ఇచ్చింది. ప్రతి ఒక్కరూ ఈ ఆస్పత్రి రూపురేఖలు మార్చేస్తామని మాటిచ్చారు. మాట నిలబెట్టుకున్నది మాత్రం వీరొక్కరే. ఆ మేరకు ఆవిడకి మంత్రిగారి మీద గౌరవం కలిగింది కూడా. ఆవిడ దిగులంతా దర్జీ గురించే.

దర్జీకి డెబ్బై ఏళ్ళు దాటాయి. కొట్టు మెట్ల మీద జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఆపరేషన్ చేస్తే నడుస్తాడు, మిషను తొక్కుతాడు కూడా. ఇంకో మూడు వారాలు ఆలస్యమైతే కర్ర సాయంతో కూడా లేవలేడని ఎముకల డాక్టరు చెప్పేశాడు. డాక్టరు ఉన్నాడు, దర్జీ ఉన్నాడు, థియేటరూ ఉంది. లేనిది పైన వెలిగే పెద్ద దీపం. అది మాడిపోయి మూడేళ్ళయింది. దాని కోసం పెద్ద సిస్టర్ పందొమ్మిది అర్జీలు పెట్టుకుంది. పదిహేడింటికి జవాబే లేదు. ఒకదానికి, దీపం వల్ల ఉపయోగమేమిటో వివరించమని వచ్చింది. ఇంకోదానికి, దీపం మాడిపోవడం ఎవరు చూశారు, ఏ వెలుతురులో చూశారు అని వచ్చింది. ఆవిడ ఆ రెండింటికీ ఓపిగ్గా సమాధానం రాసింది.

మూసివేత మహోత్సవం ఘనంగా జరిగింది. రోగులందరినీ డెబ్బై కిలోమీటర్ల దూరంలో ఉన్న ఇంకో ఆస్పత్రికి తరలించారు. చివరి ఆంబులెన్సు దర్జీ కోసం వచ్చింది. ముందూ వెనకా పూలదండలు కట్టారు. స్ట్రెచరు మీద దర్జీని గుమ్మం దాకా తెచ్చేసరికి మంత్రిగారు జెండా ఊపేశారు. ఆంబులెన్సు ఖాళీగా, సైరన్ మోగించుకుంటూ వెళ్ళిపోయింది.

“మనిషిని ఎక్కించుకోకుండా పోతాడేంటి?” అని పెద్ద సిస్టర్ వెనకాలే పరిగెత్తింది.

“ఆగితే ఫోటో చెడిపోతుందని ముందే చెప్పాం మేడమ్,” అన్నాడు మంత్రిగారి పీయే. “మళ్ళీ వస్తుందిలెండి.”

అది మళ్ళీ రాలేదు. దర్జీని తిరిగి పదిహేడో మంచం మీదే పడుకోబెట్టారు. ఆయన కూతురు రోజూ క్యారియరు పట్టుకుని వచ్చి, గేటు దగ్గర కాపలావాడితో పోట్లాడి లోపలికి రావాల్సి వచ్చేది.

రెండో రోజు మ్యూజియంవాళ్ళు దిగారు. వాళ్ళ పెద్ద క్యూరేటర్. పనిమంతుడు, ఎవరిమీదా గొంతు లేపడు, పాతవస్తువు కనిపిస్తే చెప్పులు విడిచి దగ్గరికెళ్తాడు. ఆయన గుమాస్తా లావుపాటి రిజిస్టరు పట్టుకుని గది గదికీ తిరుగుతూ కనిపించినదల్లా ఎక్కించుకుంటున్నాడు. ఎముకల వార్డులో మంచాలు లెక్కపెడుతూ పదిహేడో దాని దగ్గర ఆగాడు.

“ఇదేంటి?”

“ఇది కాదు, ఈయన. దర్జీ,” అంది పెద్ద సిస్టర్.

“మూసేనాటికి ఇక్కడే ఉన్నాడా?”

“ఉన్నాడు. మీవాళ్ళే వదిలేసి పోయారు.”

“అయితే రాయాలి మేడమ్. మూసేనాటికి గోడల లోపల ఉన్నది ఉన్నట్టు ఎక్కించాలని జీవో. పరిస్థితి ఏమని రాయమంటారు?”

“తుంటి విరిగింది బాబూ, అది రాయండి ముందు.”

గుమాస్తా రాశాడు: ‘నంబరు 212. దర్జీ ఒకటి. తుంటి విరిగినది.’ రాసి, నంబరు చీటీ ఒకటి మంచానికి, ఒకటి దర్జీ చొక్కాకి అంటించాడు. దర్జీ తన చీటీని వేలితో తడిమి చూసి, జిగురు మంచిదేనన్నాడు.

ఆ మధ్యాహ్నం పెద్ద సిస్టర్ క్యూరేటర్ దగ్గరికెళ్ళి, దర్జీని వెంటనే ఆ దూరపు ఆస్పత్రికి పంపమని బతిమాలింది.

“రిజిస్టరులోకి ఎక్కిన వస్తువు గేటు దాటాలంటే కమిటీ కూర్చోవాలమ్మా. ఆర్నెల్లకోసారి కూర్చుంటుంది.”

“ఆర్నెల్లకి ఆయన కాలు ఎందుకూ పనికిరాదు.”

“మేం చాలా జాగ్రత్తగా చూసుకుంటాం. దుమ్ము పడనివ్వం.”

ఆవిడకి ఏడుపొచ్చింది. ముప్పై ఒక్క ఏళ్ళలో డ్యూటీ మీద కంటతడి పెట్టని మనిషి, లినెన్ గదిలోకెళ్ళి తలుపేసుకుని ఒక దుప్పటి మడతపెట్టినంతసేపు ఏడ్చింది. బయటికొచ్చేసరికి క్యూరేటర్ థియేటర్‌లో నిలబడి పైకి చూస్తున్నాడు.

“ఈ దీపం వెలగదా?”

“మూడేళ్ళ నుంచి.”

“అయ్యయ్యో. ప్రదర్శనకి పెట్టిన యంత్రం పనిచేయకపోతే సందర్శకులు ఏమనుకుంటారు?” అని ఆయన అక్కడే నిలబడి ఒక ఫోన్ చేశాడు.

మూడో రోజుకి దీపం వచ్చింది. కొత్తది, నిగనిగలాడుతోంది. బిగించడానికి ఇద్దరు ఇంజనీర్లు కూడా వచ్చారు. వాళ్ళు స్విచ్చి వేయగానే పెద్ద సిస్టర్ కాసేపు ఆ వెలుగులో ఊరికే నిలబడిపోయింది. ఆస్పత్రికి కాళ్ళావేళ్ళా పడినా రానిది మ్యూజియానికి ఒక్క ఫోనుతో వస్తోందని ఆవిడకి తెలిసొచ్చింది. ఇక ఆగలేదు. కారుతున్న కప్పు చూపించింది, వారంలో కప్పేశారు. పాడైన ఎక్స్‌రే మిషను చూపించింది, బాగుచేశారు. దూది డబ్బాలో దూది లేకపోతే చారిత్రకంగా తప్పు కాదా అని అడిగింది. క్యూరేటర్ చాలా నొచ్చుకుని, లారీ నిండా తెప్పించాడు.

ఆవిడకి గైడ్‌గా ఆర్డరిచ్చారు. ఎముకల డాక్టరుకి వ్యాఖ్యాత అని. డాక్టరు చెప్పిన గడువు ఇంకా నాలుగు రోజులుందనగా, క్యూరేటర్‌తో కలిసి ముగ్గురూ టీ తాగుతున్నప్పుడు ఆవిడ మెల్లిగా కదిపింది.

“థియేటరు ఖాళీగా ఉంటే బోసిగా ఉంది కదండీ. ఒకప్పుడు ఆపరేషన్ ఎలా చేసేవారో చేసి చూపిస్తే బాగుంటుందేమో.”

“లైవ్ డెమో,” అన్నాడు క్యూరేటర్. ఆయన కళ్ళు మెరిశాయి. “కానీ రోగి వేషం ఎవరు వేస్తారు?”

“రెండువందల పన్నెండు ఉందిగా.”

“నొప్పి పుట్టకూడదు మరి.”

“మత్తు కూడా చూపిద్దాం సార్. అదీ చరిత్రే,” అన్నాడు ఎముకల డాక్టరు.

ఆ ప్రదర్శనకి టిక్కెట్లన్నీ అమ్ముడుపోయాయి. రెండు గంటల నలభై నిమిషాలు అద్దాల వెనకాల జనం గుడ్లప్పగించి చూశారు. చివరి కుట్టు పడగానే చప్పట్లు కొట్టారు. దర్జీ కూతురు మాత్రం కొట్టలేదు. ఆవిడ నేలమీద కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. పెద్ద సిస్టర్ బయటికొచ్చి “అయిపోయిందే పిచ్చిదానా, లే,” అంది.

ఈ సంగతి ఊళ్ళో పాకింది. మ్యూజియానికి జనం విరగబడి వస్తున్నారు. వచ్చినవాళ్ళలో చాలామంది దగ్గుతున్నారు. కొందరు పిల్లల్ని భుజాన వేసుకుని వస్తున్నారు. ఒకావిడ స్టెతస్కోపు దగ్గర ఆగి, “ఇది ఇప్పటికీ పనిచేస్తుందా అక్కా?” అంటుంది. “ఊపిరి పీల్చు, చూపిస్తా,” అంటుంది పెద్ద సిస్టర్. ఒకతను పాత మందుసీసాల అర ముందు నిలబడి తన రక్తపోటు గురించి చరిత్రలో ఏమైనా రాసుందా అని అడుగుతాడు. వ్యాఖ్యాత వ్యాఖ్యానించి, చీటీ మీద రెండు పూటలకీ రాసిస్తాడు.

గోడకి పెట్టే చరిత్ర బోర్డు కూడా పెద్ద సిస్టరే రాసింది. విషజ్వరాల ఏడాది వరండాలో కూడా చోటు లేక మెట్ల మీద పడుకోబెట్టిన సంగతీ, ఆ ఏడాది పోయిన ఇద్దరు నర్సుల సంగతీ రాసింది. పై అధికారులు అదంతా కొట్టేసి, ‘మంత్రిగారు ఇక్కడే జన్మించారు’ అనే ఒక్క వాక్యం పెట్టారు. నిజానికి ఆ రోజు మంచాలు ఖాళీ లేక వారు వరండా నేలమీద జన్మించారు. ఆ వాక్యపు ఫలకం నేలమీద పెడితే జనం తొక్కుతారని ఒక మంచానికి బిగించారు.

ఆరు వారాలకి మంత్రిగారు స్వయంగా విచ్చేశారు. జనాన్ని చూసి మురిసిపోయారు. ఆస్పత్రిగా ఉన్నన్నాళ్ళూ ఇంత శుభ్రం ఎందుకు లేదో విచారణ జరిపిస్తామన్నారు. ఎముకల వార్డులోకి వచ్చేసరికి ఒక ముసలాయన కర్ర కూడా లేకుండా కిటికీ దాకా నడిచెళ్ళి, మళ్ళీ వెనక్కి వస్తున్నాడు.

“ఎవరితను?”

“212 సార్,” అన్నాడు క్యూరేటర్.

మంత్రిగారు రిజిస్టరు తెప్పించుకుని చదివారు. ముఖం గంభీరంగా మారింది.

“తుంటి విరిగినది అని రాసుంది. నడుస్తోందేం? నన్ను ఎన్నైనా అనండి, చరిత్రని వక్రీకరిస్తే మాత్రం ఊరుకోను.”

మర్నాడు పెద్ద సిస్టర్‌కి మెమో వచ్చింది. ప్రదర్శన వస్తువు 212ను అనుమతి లేకుండా బాగుచేసినందుకు సంజాయిషీ ఇవ్వాలి. ఏడు రోజుల్లోగా సదరు వస్తువును పూర్వపు స్థితికి తీసుకురావాలి.

ఆవిడ మంచం అంచున కూర్చుని దర్జీకి చదివి వినిపించింది.

“మళ్ళీ విరగ్గొట్టాలట బాబాయ్.”

దర్జీ ఆ కాగితం వైపు వంగాడు. “ఏ కాలో రాశారా అమ్మా?”

“రాయలేదు.”

“చూశావా, కొలతలు తీసుకోకుండానే కత్తిరించేస్తారు వీళ్ళు,” అన్నాడు.

పెద్ద సిస్టర్‌కి నవ్వొచ్చింది, ఒళ్ళు మండింది కూడా. ఆ కోపంతోనే మ్యూజియం నిబంధనల పుస్తకం ముందేసుకుని మొదట్నుంచీ చదివింది. ఎనభై మూడో పేజీలో దొరికింది. ప్రదర్శనకి పనికిరాని వస్తువుని కమిటీతో పని లేకుండా క్యూరేటర్ సంతకంతోనే బయటికి పంపేయొచ్చు. ఆవిడ ఫారం నింపింది. కారణం అన్నచోట, ‘ఈ వస్తువు సొంతంగా నడుస్తున్నందున ప్రదర్శనకు పనికిరాదు’ అని రాసింది. క్యూరేటర్ రెండుసార్లు చదివి, తప్పేమీ కనపడక సంతకం పెట్టాడు.

దర్జీ పనికిరాడన్న కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. కూతురు చెయ్యి అందించబోతే వద్దన్నాడు. గేటు దాకా తనే నడిచాడు. కాపలావాడు కాగితం చూసి, మనిషిని చూసి, పొమ్మన్నాడు. పెద్ద సిస్టర్ వరండాలోంచి ఆ నడకనే చూస్తూ నిలబడింది. ఎడమకాలు కొంచెం బరువుగా పడుతోంది గానీ నెల తిరిగేసరికి అదీ సర్దుకుంటుంది. ఆవిడకి ఆ పూట భోజనం చేయకపోయినా ఆకలి వేయలేదు.

ఇక మెమో సంగతి. ఏడు రోజుల్లోగా పదిహేడో మంచం మీద తుంటి విరిగినది ఒకటి ఉండాలి. గేటు దగ్గర టిక్కెట్ల వరుసలో అలాంటివాళ్ళు పదకొండుమంది ఉన్నారు. చాపల మీదా, తోపుడుబళ్ళ మీదా, కొడుకుల వీపుల మీదా వచ్చి పొద్దుటి నుంచీ కాసుకుని ఉన్నారు. ముందున్న పెద్దావిడని పెద్ద సిస్టర్ లోపలికి తెచ్చి 212 చీటీ అంటించింది. తనిఖీకి వచ్చినవాళ్ళు చూసి, ‘పూర్వపు స్థితి సరిగా ఉన్నది’ అని రాసి వెళ్ళారు. ఆ మర్నాడు థియేటర్‌లో ప్రదర్శన జరిగింది. మూడు వారాలకి ఆ వస్తువు కూడా పనికిరాకుండా పోయింది. గేటు దగ్గర పదిమంది ఉండాల్సింది, మళ్ళీ పదకొండుమంది ఉన్నారు.

ఈ విజయం చూసి మంత్రిగారు డెబ్బై కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆస్పత్రికి కూడా ప్రమోషన్ ఇచ్చారు. ఆ సభ జరిగిన సాయంత్రమే పెద్ద సిస్టర్‌కి ఫోన్ వచ్చింది. మంత్రిగారే. గొంతు బాగా తగ్గించి మాట్లాడుతున్నారు.

“అమ్మా, మా బావగారు వేదిక మెట్ల మీద జారారు. తుంటి దగ్గరేదో పుటుక్కుమందిట. మీ దగ్గర ఆ మంచం ఖాళీగా ఉందా?”

“అక్కడే పెద్ద ఆస్పత్రి ఉంది కదా సార్?”

“అది మధ్యాహ్నమే మూసేశామమ్మా. దీపం ఇంకా రాలేదు.”

“నయమయ్యాక పనికిరాడని రాసి పంపాల్సి ఉంటుంది సార్. రూలు.”

“ఫర్వాలేదు. మా అక్క ఆ మాట పెళ్ళయిన మర్నాడే అంది.”

“అయితే టిక్కెట్టు తీసుకుని వరుసలో నిలబడమనండి సార్.”

“నిలబడలేకే కదమ్మా మీకు ఫోన్ చేసింది.”

పెద్ద సిస్టర్ కిటికీలోంచి గేటు వైపు చూసింది.

“ఆ వరుసలో నిలబడగలిగినవాళ్ళు ఒక్కరూ లేరు సార్.”